వీఎంలో నడిచే డేటాబేస్ సర్వర్‌కు బ్యాకప్: ఒకే సర్వర్ ఉన్న ఆఫీసులకు పూర్తి పద్ధతి

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు రైస్ మిల్లుల్లో, నర్సింగ్ హోముల్లో, ప్రైవేటు కాలేజీల్లో ఇప్పుడు ఏర్పాటు దాదాపు ఒకేలా ఉంటోంది. ఒక టవర్ సర్వర్, దాని మీద ఒకే సర్వర్లో పలు మెషీన్లు నడిపించే ప్రాక్స్‌మాక్సో హైపర్-వీయో వీఎంవేరో, లోపల మూడు నాలుగు వర్చువల్ మెషీన్లు (వీఎంలు). ఒక వీఎంలో బిల్లింగు, ఒక దాంట్లో కాటా సాఫ్ట్‌వేరు, మరో దాంట్లో అకౌంట్లు. రాత్రి పదకొండుకి అన్ని వీఎంలకూ బ్యాకప్ నడుస్తుంది. పొద్దున్నే మెయిల్‌లో ఆకుపచ్చ టిక్కు వస్తుంది.

డిస్కు ఫైలు కాపీ అయింది, ఆ టిక్కుకి అర్థం అంతే. లోపలి డేటాబేస్ తిరిగి లేస్తుందో లేదో, లేస్తే ఎన్ని గంటల ఎంట్రీలు పోయాక లేస్తుందో అది చెప్పదు. వీఎం బ్యాకప్‌తో మెషీన్ తిరిగొస్తుంది. చివరి కొన్ని గంటల ఎంట్రీలు తిరిగి రావాలంటే డేటాబేస్ తన సొంత పద్ధతిలో తీసుకునే బ్యాకప్ ఉండాలి. రెండూ పెట్టుకోవాలి, రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి.

ముందు యజమానిని అడగాల్సిన రెండు అంకెలు

మొదటిది: ఎంతసేపటి ఎంట్రీలు పోతే భరించగలరు? ఖరీఫ్ ధాన్యం కొనుగోళ్ల రోజుల్లో మిల్లు గేటు దగ్గర ట్రాక్టర్లు వరస కట్టి ఉంటాయి. సాయంత్రం ఐదుకి డిస్కు పోయిందనుకోండి. ముందురోజు రాత్రి పదకొండు గంటల బ్యాకప్ మాత్రమే ఉంటే పద్దెనిమిది గంటల కాటా ఎంట్రీలు పోయినట్టే. కాటా చీటీల నకళ్లు ఉంటే మళ్లీ కొట్టుకోవచ్చు. నర్సింగ్ హోములో ల్యాబు రిపోర్టులకు, ఫార్మసీ స్టాకుకు అలాంటి నకళ్లు సాధారణంగా ఉండవు. అక్కడ పదిహేను నిమిషాలకు మించి పోకూడదు.

రెండోది: సిస్టమ్ ఎంతసేపు ఆగితే తట్టుకోగలరు? ఇది కాపీ ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. 200 జీబీ వీఎంని గిగాబిట్ నెట్‌వర్క్ మీదుగా నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్కుల పెట్టె) నుంచి తెచ్చుకుంటే సెకనుకి సుమారు 110 ఎంబీ చొప్పున అరగంట. కాపీ ఉన్న యూఎస్‌బీ డిస్కుని పొరపాటున యూఎస్‌బీ 2 పోర్టులో పెడితే సెకనుకి 30-35 ఎంబీకి మించదు, గంటా నలభై నిమిషాలు పడుతుంది. 20 ఎంబీపీఎస్ నెట్ మీద క్లౌడ్ నుంచి దించుకుంటే 22 గంటలు, అదీ లైను ఒక్కసారి కూడా తెగకుండా ఉంటే. ఈ లెక్క యజమాని ముందు కాగితం మీద వేసి చూపిస్తే నాస్‌కి డబ్బు ఎందుకు పెట్టాలో వేరే చెప్పక్కర్లేదు.

స్నాప్‌షాట్‌ని బ్యాకప్ అనుకోవద్దు

స్నాప్‌షాట్ కొట్టగానే అసలు డిస్కు ఫైలు అక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాతి మార్పులు పక్కన ఇంకో చిన్న ఫైల్లో పడతాయి. రెండూ ఉండేది ఒకే డేటాస్టోర్‌లో, అంటే వీఎంల ఫైళ్లుండే చోట. అసలు డిస్కు పోతే పక్క ఫైలుతో ఏ పనీ జరగదు. పైగా డేటాబేస్ వీఎంలో రాతలు ఎక్కువ కాబట్టి ఆ పక్క ఫైలు తొందరగా ఉబ్బుతుంది. డేటాస్టోర్ నిండితే వీఎం నిలిచిపోతుంది. స్నాప్‌షాట్‌ని 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ సూచన. గొలుసులో 32 దాకా పడతాయి గానీ రెండు మూడు దాటించొద్దని కూడా అదే చెబుతుంది.

సాఫ్ట్‌వేరు అప్‌డేట్ చేసే ముందు స్నాప్‌షాట్ తీసుకోండి, అది మంచి అలవాటు. పని అయ్యాక అదే రోజు తీసేయండి. తీసేటప్పుడు పక్క ఫైలు అసలు దాంట్లో కలవాలి, చివర్లో వీఎం కాసేపు స్తంభిస్తుంది. ఆ ఫైలు ఎంత పెద్దదైతే అంత ఇబ్బంది. అందుకే బిల్లింగు కౌంటర్ నడుస్తున్న వేళ డిలీట్ నొక్కకండి. మెమరీతో సహా తీసే టిక్కు కూడా డేటాబేస్ వీఎంలకు వద్దు, దాంతో ఆగే సమయం ఇంకా పెరుగుతుంది.

వీఎం బ్యాకప్ తీసేటప్పుడు లోపల ఏం జరుగుతుంది

వీఎం బ్యాకప్ అంటే ఆ క్షణాన కరెంటు పోతే డిస్కు ఎలా ఉంటుందో అలాంటి కాపీ. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ టేబుళ్లు మామూలుగా దీన్ని తట్టుకుంటాయి. మార్పుని ముందు లాగ్‌లో (మార్పుల చిట్టాలో) రాసి ఆ తర్వాతే టేబుల్లో రాస్తాయి కాబట్టి, లేవగానే లాగ్ చదువుకుని సర్దుకుంటాయి. మైఎస్‌క్యూఎల్‌లోనే పాత రకమైన మైఐసామ్ టేబుళ్లకు ఆ సౌకర్యం లేదు. పాత కాలేజీ సాఫ్ట్‌వేర్లలో అవి ఇంకా ఉన్నాయి, ఇన్ఫర్మేషన్ స్కీమాలో ఇంజిన్ కాలమ్ చూస్తే తెలిసిపోతుంది.

లాగ్ చదువుకుని సర్దుకోవడానికి మూడు షరతులున్నాయి. డేటా ఒక వర్చువల్ డిస్కులో, లాగ్ ఇంకో దాంట్లో ఉంటే రెండింటి కాపీ ఒకే క్షణానిది కావాలి. డేటాబేస్ డిస్కులో పడిందనుకున్న రాత నిజంగా పడి ఉండాలి. ప్రాక్స్‌మాక్స్‌లో డిస్కు క్యాష్‌ని వేగం కోసమని అన్‌సేఫ్‌లో పెడితే ఆ హామీ పోతుంది. యూపీఎస్ చేతులెత్తేసిన రోజు డేటాబేస్ పాడయ్యేది అక్కడే. మూడోది, అన్ని డిస్కులూ బ్యాకప్‌లో చేరి ఉండాలి. వీఎంవేర్‌లో ఇండిపెండెంట్‌గా పెట్టిన డిస్కు స్నాప్‌షాట్‌లోకి రాదు. ప్రాక్స్‌మాక్స్‌లో ఒక్కో డిస్కుకి బ్యాకప్ అనే టిక్కు విడిగా ఉంటుంది. సీ డ్రైవు బ్యాకప్ అవుతూ, డేటా ఉన్న డీ డ్రైవుకి టిక్కు లేకపోతే జాబు మాత్రం సక్సెస్ అనే చూపిస్తుంది. ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు అది చూసి రండి.

కాపీ ఇంకా శుభ్రంగా రావాలంటే వీఎం లోపల గెస్ట్ ఏజెంట్ (బయటి బ్యాకప్ మాట విని లోపల పనిచేసే చిన్న ప్రోగ్రామ్) ఉండాలి. ప్రాక్స్‌మాక్స్‌లో లోపల ఏజెంట్ ఇన్‌స్టాల్ చేసి, బయట ఆప్షన్స్‌లో ఎనేబుల్ చేసి, వీఎంని పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలి. లోపలి నుంచి రీస్టార్ట్ కొడితే సరిపోదు, కొత్త పరికరం వీఎంకి తగలదు. విండోస్‌లో ఏజెంట్ వీఎస్ఎస్‌ని (విండోస్ సొంత కాపీ సర్వీసుని) పిలుస్తుంది, వీఎస్ఎస్ డేటాబేస్ తరఫున వినే ఎస్‌క్యూఎల్ రైటర్‌కి కబురు పెడుతుంది, డేటాబేస్ ఆ కాసేపు రాతలు ఆపుతుంది. డిస్కు నెమ్మదిగా ఉంటే గడువు దాటి ఇది ఫెయిలవుతుంది. వీఎస్ఎస్ అడ్మిన్ కమాండ్‌తో రైటర్ల జాబితా తీసి, ఎస్‌క్యూఎల్ సర్వర్ రైటర్ స్టేబుల్ అని ఉందో లేదో చూడండి. హైపర్-వీలో 2016 నుంచి ప్రొడక్షన్ చెక్‌పాయింట్ (అక్కడ స్నాప్‌షాట్ పేరు చెక్‌పాయింట్) ఉంది, దాన్నే ఎంచుకోండి.

లినక్సులో ఏజెంట్ ఫైల్ సిస్టమ్‌ని మాత్రమే గడ్డకట్టిస్తుంది, డేటాబేస్‌కి ఆ సంగతి తెలియదు. పోస్ట్‌గ్రెస్‌కీ ఇన్నోడీబీకీ అది చాలు. మైఐసామ్ ఉంటేనే హుక్ స్క్రిప్ట్‌లో (బ్యాకప్‌కి ముందూ వెనకా నడిచేది) రీడ్ లాక్ (రాతలు ఆపేది) వేయాలి. ఇక్కడ చాలామంది స్క్రిప్టులు పనిచేయవు. లాక్ కమాండ్ ఇచ్చిన సెషన్ మూతపడిన క్షణంలో లాక్ కూడా పోతుంది. ఒక లైనులో లాక్ కొట్టి బయటికొచ్చే స్క్రిప్టు, స్నాప్‌షాట్ మొదలవకముందే లాక్ వదిలేస్తుంది. ఆ సెషన్‌ని వెనకాల తెరిచే ఉంచి, స్నాప్‌షాట్ అయ్యాక మూయాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్

మిల్లు సాఫ్ట్‌వేర్లలో తరచుగా ఉండేది దీని ఎక్స్‌ప్రెస్ ఎడిషనే. ముందు రికవరీ మోడల్ (లాగ్‌ని బ్యాకప్ దాకా ఉంచాలా వద్దా అన్న సెట్టింగు) చూడండి. సింపుల్‌లో ఉంటే లాగ్ బ్యాకప్ తీసే వీలే లేదు. ఫుల్‌కి మార్చి, వెంటనే ఒక ఫుల్ బ్యాకప్ తీయండి. అది తీసేదాకా సెట్టింగులో ఫుల్ అని కనిపించినా లాగ్ గొలుసు మొదలవదు. ఆ తర్వాత రోజూ రాత్రి ఫుల్ బ్యాకప్, పగలంతా పదిహేను నిమిషాలకోసారి లాగ్ బ్యాకప్. ఫుల్ మోడల్‌లో పెట్టేసి లాగ్ బ్యాకప్ పెట్టడం మరిస్తే లాగ్ ఉండే ఎల్‌డీఎఫ్ ఫైలు పెరిగి పెరిగి డిస్కుని తినేస్తుంది. లాగ్ నిండిందనే 9002 ఎర్రర్ వచ్చిన రోజు ఒక్క బిల్లు కూడా పడదు.

ఎక్స్‌ప్రెస్‌లో జాబులు నడిపే ఎస్‌క్యూఎల్ ఏజెంట్ లేదు, బ్యాకప్ కంప్రెషన్ లేదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఎస్‌క్యూఎల్ సీఎండీతో నడపాలి. నాస్‌కి రాసేటప్పుడు జెడ్ డ్రైవు, వై డ్రైవు లాంటి మ్యాప్ చేసిన అక్షరాలు వాడకండి. బ్యాకప్ ఫైలు రాసేది లాగిన్ అయిన మీరు కాదు, ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్వీసు. మీ మ్యాపింగ్ దానికి కనిపించదు. నాస్ పూర్తి నెట్‌వర్క్ పేరు ఇచ్చి, ఆ సర్వీసు అకౌంటుకి ఆ ఫోల్డర్లో రాసే అనుమతి ఇవ్వండి. చేత్తో కొడితే పనిచేసి రాత్రి ఫెయిలయ్యే జాబులకు చాలాసార్లు కారణం ఇదే.

ప్రతి బ్యాకప్‌కీ చెక్‌సమ్ ఆప్షన్ జోడించండి, పాడైన పేజీ ఉంటే బ్యాకప్ అప్పుడే ఆగి చెబుతుంది. మాస్టర్, ఎంఎస్‌డీబీ డేటాబేసుల్ని వదిలేయకండి, లాగిన్లూ జాబులూ వాటిలోనే ఉంటాయి. టీడీఈ ఎన్‌క్రిప్షన్ వాడుతుంటే సర్టిఫికెట్‌నీ దాని ప్రైవేట్ కీనీ విడిగా తీసి భద్రపరచండి. అవి లేకపోతే బ్యాకప్ ఫైలు ఎంత బాగున్నా తెరుచుకోదు.

వీఎం బ్యాకప్‌తో తగాదా వచ్చేది డిఫరెన్షియల్ (చివరి ఫుల్ తర్వాతి మార్పులే తీసే బ్యాకప్) దగ్గర. వీఎస్ఎస్ ద్వారా వీఎం బ్యాకప్ నడిస్తే ఎస్‌క్యూఎల్ సర్వర్ దాన్ని ఒక ఫుల్ బ్యాకప్‌గా లెక్కేసుకోవచ్చు. అప్పట్నుంచి మీ డిఫరెన్షియల్స్ మీ ఫుల్ ఫైలు మీద కాక ఆ వీఎం కాపీ మీద ఆధారపడతాయి. ఎంఎస్‌డీబీలోని బ్యాకప్ సెట్ టేబుల్లో స్నాప్‌షాట్ కాలమ్‌లో 1 ఉన్న వరసలు కనిపిస్తే అదే జరుగుతోంది. వీఎం జాబుని కాపీ ఓన్లీకి (ఫుల్‌గా లెక్కలోకి రాని రకానికి) మార్చండి, లేదా డిఫరెన్షియల్స్ మానేసి ఫుల్, లాగ్ రెండింటితోనే నడపండి. చిన్న డేటాబేసులకు మా సలహా రెండోదే. లాగ్ బ్యాకప్ తీసే సాధనం మాత్రం ఒక్కటే ఉండాలి. రెండు సాధనాలు తీస్తే గొలుసు చెరిసగం రెండు చోట్ల పడుతుంది, అవసరమైన రోజు ఒక ముక్క దొరకదు.

పోస్ట్‌గ్రెస్

దీనికి రెండు రకాలూ పెట్టండి. బేస్ బ్యాకప్‌తో (డేటా ఫైళ్ల మొత్తం కాపీతో) పాటు వాల్ ఆర్కైవింగ్ (పోస్ట్‌గ్రెస్ లాగ్ ఫైళ్లని వేరే చోటికి పంపడం), వారానికోసారి డంప్ (డేటాని విడిగా ఒక ఫైల్లోకి రాయడం). మొదటిది నిమిషాల దాకా వెనక్కి తెస్తుంది, రెండోది ఒక్క టేబుల్ మాత్రమే కావాల్సినప్పుడు పనికొస్తుంది. పీజీ డంప్‌లో యూజర్లు, రోల్స్ రావు. పీజీ డంప్ ఆల్‌ని గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో విడిగా నడపాలి.

ఆర్కైవ్ మోడ్ ఆన్ చేసినప్పుడు సర్వీసు రీస్టార్ట్ తప్పదు. ఆర్కైవ్ కమాండ్‌లో కాపీ చేసే ముందు అదే పేరుతో ఫైలు అక్కడ లేదని పరీక్షించే ముక్క ఉండాలి. వాల్ ఫైలు 16 ఎంబీ నిండితేగానీ కదలదు. గిరాకీ తక్కువున్న రోజు అది నిండడానికి గంటలు పట్టొచ్చు, ఆ గంటలన్నీ మీరు పోగొట్టుకునేవే. అందుకే ఆర్కైవ్ టైమవుట్ 300 సెకన్లు పెట్టండి. అప్పుడు సగం నిండిన ఫైలు కూడా 16 ఎంబీగానే వెళుతుంది, టైమవుట్ వల్ల వెళ్లేవి రోజుకి గరిష్ఠంగా 288 ఫైళ్లు, 4.6 జీబీ. కంప్రెస్ చేసి పంపితే చాలా తగ్గుతుంది.

ఒక చిక్కు చూడండి. నాస్‌ని మౌంట్ చేసిన ఫోల్డర్లోకి కాపీ అవుతోంది. కరెంటు పోయి వచ్చింది, సర్వర్ ముందు లేచింది, నాస్ ఇంకా లేవలేదు, మౌంట్ కాలేదు. కానీ ఫోల్డర్ మాత్రం సర్వర్ సొంత డిస్కులో ఖాళీగా ఉంది. పోస్ట్‌గ్రెస్ అందులోకే కాపీ చేసి సక్సెస్ అనుకుంటుంది. వారాల తరబడి వాల్ ఫైళ్లు అదే వీఎంలో పోగవుతాయి, ఎర్రర్ ఎక్కడా రాదు. దీనికి విరుగుడు తేలిక. నాస్ లోపల గుర్తు కోసం ఒక చిన్న ఫైలు పెట్టి, అది కనిపిస్తేనే కాపీ చేయమని కమాండ్‌లో రాయండి.

అలా రాస్తే నాస్ లేనప్పుడు కమాండ్ ఫెయిలవుతుంది, వాల్ ఫైళ్లు సర్వర్ మీదే నిలవ ఉంటాయి. ఎక్కువ కాలం అలాగే ఉంటే డిస్కు నిండి పోస్ట్‌గ్రెస్ ఆగిపోతుంది. కాబట్టి పీజీ స్టాట్ ఆర్కైవర్‌లో చివరిసారి వెళ్లిన సమయం, ఫెయిలైన లెక్క రోజూ చూడాలి, లేదా అరగంట దాటితే మెసేజ్ వచ్చేలా పెట్టాలి. బేస్ బ్యాకప్ తీశాక 13 నుంచి ఉన్న పీజీ వెరిఫై బ్యాకప్‌తో సరిచూడండి. పాత స్క్రిప్టులు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: 15లో బ్యాకప్ మొదలుపెట్టే, ముగించే ఫంక్షన్ల పేర్లు మారాయి, అప్‌గ్రేడ్ చేసిన రాత్రి నుంచి ఆ స్క్రిప్టులు ఆగిపోతాయి. డేటాబేసులు రెండు మూడు దాటితే చేత్తో రాసిన స్క్రిప్టుల కన్నా పీజీ బ్యాక్‌రెస్ట్ నయం.

మైఎస్‌క్యూఎల్

మైఎస్‌క్యూఎల్ డంప్‌కి సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ పెడితే ఇన్నోడీబీ టేబుళ్లు లాక్ అవకుండా ఒకే క్షణపు కాపీ వస్తుంది. రొటీన్స్, ఈవెంట్స్ ఆప్షన్లు కూడా అడిగి పెట్టాలి, వాటంతటవి రావు. సోర్స్ డేటా 2 ఆప్షన్ పెడితే బిన్‌లాగ్‌లో (మైఎస్‌క్యూఎల్ మార్పుల లాగ్‌లో) ఏ చోటు నుంచి కొనసాగించాలో డంప్ ఫైల్లోనే రాసి ఉంటుంది. 8.0.26కి ముందు దాని పేరు మాస్టర్ డేటా. డంప్ నడుస్తుండగా ఎవరైనా టేబుల్ నిర్మాణం మారిస్తే ఆ కాపీ నమ్మదగింది కాదు, సాఫ్ట్‌వేరు వెండార్ అప్‌డేట్ వేసే రాత్రి ఇది గుర్తుంచుకోండి.

ఫైలు చివరి లైనులో డంప్ కంప్లీటెడ్ అని తేదీతో ఉండాలి. లేకపోతే మధ్యలో తెగిందని అర్థం. స్క్రిప్టు చివర ఈ తనిఖీ ఒక్కటి పెట్టినా సగం డంపుల బెడద తప్పుతుంది.

8.0లో బిన్‌లాగ్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, 30 రోజులకు దానంతటదే చెరిగిపోతుంది. 5.7లోనూ, మైఎస్‌క్యూఎల్ నుంచి పుట్టిన మారియాడీబీలోనూ మీరే ఆన్ చేయాలి. బిన్‌లాగ్ అదే వీఎంలో పడి ఉంటే డిస్కుతో పాటే పోతుంది. ఇంకో మెషీన్ మీద మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్ ప్రోగ్రామ్‌ని రిమోట్ నుంచి చదివేలా, రా ఫార్మాట్‌లో, ఆగకుండా నడిచే ఆప్షన్‌తో పెట్టండి. డేటా 50 జీబీ దాటాక డంప్‌ని ఎక్కించడం గంటల పని అవుతుంది. లినక్సు మీదైతే అప్పటికి డేటా ఫైళ్లనే నేరుగా కాపీ చేసే ఎక్స్‌ట్రాబ్యాకప్‌కి మారండి, మారియాడీబీకి మారియాబ్యాకప్.

ఒడియా, తెలుగు పేర్లు చెడకుండా

ఈ సరిహద్దు జిల్లాల డేటాబేసుల్లో ఒకే కాలమ్‌లో ఒడియా పేరు, దాని కింద తెలుగు పేరు, ఆపైన హిందీ ఊరి పేరు ఉండటం మామూలే. ఇంగ్లీషు డేటాతో పరీక్షించిన బ్యాకప్ పద్ధతి ఇక్కడ మోసం చేస్తుంది.

విండోస్ పవర్‌షెల్‌లో మైఎస్‌క్యూఎల్ డంప్ అవుట్‌పుట్‌ని బాణం గుర్తుతో ఫైల్లోకి మళ్లిస్తే పవర్‌షెల్ దాన్ని యూటీఎఫ్-16లోకి మార్చేస్తుంది. సైజు చూస్తే బాగానే ఉంటుంది, ఎక్కించబోతే ఎక్కదు. బాణం మానేసి రిజల్ట్ ఫైల్ ఆప్షన్‌తో ఫైలు పేరు ఇవ్వండి. పీజీ డంప్‌కి కూడా ఫైల్ ఆప్షన్ వాడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలు వార్‌క్యార్ కాలమ్‌లోకి తెలుగు రాస్తే అక్కడే ప్రశ్నార్థకాలైపోతుంది. దాన్ని ఏ బ్యాకప్పూ వెనక్కి తేలేదు, ఎన్‌వార్‌క్యార్‌కి మార్చమని వెండార్‌ని అడగాలి.

లినక్సు మీద పోస్ట్‌గ్రెస్ బేస్ బ్యాకప్‌ని వేరే వెర్షన్ ఓఎస్ ఉన్న మెషీన్ మీద లేపినప్పుడు ఇంకోటి జరుగుతుంది. అక్షరక్రమం నిర్ణయించేది ఓఎస్‌లోని జీలిబ్‌సీ అనే లైబ్రరీ. 2.28 వెర్షన్‌లో ఆ క్రమం చాలా మారింది. పాత క్రమంలో కట్టిన ఇండెక్సుని కొత్త క్రమంతో వెతికితే పేరు జాబితాలో కంటికి కనిపిస్తుంది, సెర్చ్ చేస్తే దొరకదు. అదే రైతు పేరు రెండోసారి నమోదవుతుంది. ఓఎస్ మారితే టెక్స్ట్ ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయండి. రీస్టోర్ పరీక్షలో ఒక ఒడియా పేరు, ఒక తెలుగు పేరు ఊరికే చూడటమే కాదు, సెర్చ్ పెట్టెలో టైపు చేసి వెతికి చూడండి.

కాపీలు ఎక్కడ, ఎన్నాళ్లు

మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఊరి బయట. ఈ పాత సూత్రం ఇప్పటికీ సరైనదే. అమలులో తేడా వస్తుంది. నాస్ ఫోల్డర్ని సర్వర్లో డ్రైవుగా తగిలించి ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ర్యాన్సమ్‌వేర్‌కి అదీ ఇంకో డ్రైవే. సర్వర్ నాస్‌కి పంపడం కన్నా, బ్యాకప్ మెషీనే వచ్చి సర్వర్ నుంచి తీసుకెళ్లేలా పెట్టండి. ఆ మెషీన్ పాస్‌వర్డ్ సర్వర్లో ఎక్కడా ఉండకూడదు, డొమైన్ అకౌంటు అసలే కాకూడదు.

రెండు యూఎస్‌బీ డిస్కులు కొని వారం వారం మార్చండి. ఒకటి తగిలి ఉన్నప్పుడు రెండోది యజమాని ఇంట్లో. పిడుగు పడితే ల్యాన్ కేబుల్ మీదుగా స్విచ్చు, నాస్, సర్వర్ అన్నీ ఒకేసారి పోవచ్చు. వైరు తగలని డిస్కుకి ఆ భయం లేదు. కొత్త డిస్కు ఎఫ్ఏటీ32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ముందే ఫార్మాట్ మార్చుకోండి.

ఊరి బయట అంటే ఎంత దూరమన్నది తుపానుని అడగాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళాన్నీ ఇటు గజపతి జిల్లానీ కలిపి దెబ్బతీసింది. పర్లాకిమిడి ఆఫీసు కాపీ టెక్కలిలో బంధువుల ఇంట్లో ఉంటే రెండూ ఒకే తుపాను కింద ఉన్నట్టే. 2014 హుద్‌హుద్‌తో విశాఖ కూడా అలాగే స్తంభించింది. క్లౌడ్ అయితే ముంబై గానీ హైదరాబాద్ గానీ ఎంచుకోండి. పంపాల్సింది వీఎం మొత్తం కాదు, డేటాబేస్ బ్యాకప్, లాగ్‌లు మాత్రమే, ఎన్‌క్రిప్ట్ చేసి. ఆ కీని కాగితం మీద రాసి సర్వర్ గది కాని చోట దాచండి.

రోజువారీ కాపీలు 14, వారానివి 8, నెలవి 12 ఉంచితే చాలు. మార్చి 31 కాపీ మాత్రం విడిగా దాచాలి. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు ఉండాలి. 2024-25 లెక్కలకు గడువు 2025 డిసెంబరు 31 అనుకుంటే 2031 డిసెంబరు 31 దాకా. సంస్థ కంపెనీగా రిజిస్టరై ఉంటే ఖాతా పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉండాలి. పైగా 2022 ఆగస్టు సవరణ తర్వాత వాటి బ్యాకప్ భారతదేశంలో ఉన్న సర్వర్లో రోజూ తీయాలి. ఏటి కాపీతో పాటు ఆ డేటాబేస్ వెర్షన్ ఇన్‌స్టాలర్ కూడా పెట్టండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకప్ పాత వెర్షన్‌లో ఎక్కదు, పోస్ట్‌గ్రెస్ బేస్ బ్యాకప్‌కి అదే మేజర్ వెర్షన్ కావాలి.

నెలకోసారి లేపి చూడటం

వీఎంని కొత్త ఐడీతో రీస్టోర్ చేయండి. స్టార్ట్ కొట్టే ముందే నెట్‌వర్క్ కార్డుని డిస్కనెక్ట్ చేయండి. ఇది మరిస్తే ఏమవుతుందో వినండి: అదే ఐపీతో రెండో సర్వర్ లేచి కౌంటర్లు సగం ఇటు సగం అటు తగులుతాయి. లోపలి షెడ్యూల్ జాబులు నిద్రలేచి పాత అపాయింట్‌మెంట్లకు రోగులకు మెసేజ్‌లు పంపుతాయి. పోస్ట్‌గ్రెస్ అయితే తన వాల్ ఫైళ్లని అసలు సర్వర్ ఆర్కైవ్‌లోకే తోయబోతుంది.

లేచాక మొదట డేటాబేస్ లాగ్ ఫైలు చదవండి, రికవరీ పూర్తయిందని అందులో ఉండాలి. ఆ తర్వాత ఖాళీ వీఎంలో డేటాబేస్ బ్యాకప్‌ని విడిగా ఎక్కించి, లాగ్‌లు కలిపి ఆ రోజు మధ్యాహ్నం దాకా తీసుకురండి. రెండు దారులూ వేర్వేరుగా నెగ్గాలి. డేటా పాడవలేదని చూడటానికి ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి చెక్‌డీబీ, పోస్ట్‌గ్రెస్‌కి 14 నుంచి ఉన్న పీజీ ఏఎంచెక్, మైఎస్‌క్యూఎల్‌కి మైఎస్‌క్యూఎల్ చెక్ నడపండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ వెరిఫై ఓన్లీతో సరిపెట్టకండి, అది ఫైలు చదవగలిగేలా ఉందని మాత్రమే చెబుతుంది. చివరి బిల్లు నంబరు, దాని సమయం అసలు సర్వర్‌తో పోల్చండి. మొదలుపెట్టినప్పటి నుంచి లాగిన్ అయ్యేదాకా పట్టిన సమయం పుస్తకంలో రాయండి. యజమానికి చెప్పిన రెండు అంకెలు నిజమో కాదో తేల్చేది ఆ పుస్తకమే.

నిజంగా పడిపోయిన రోజు

ముందు చేతులు కట్టుకోండి. దెబ్బతిన్న డిస్కు మీదే రిపేరు కమాండ్లు కొట్టకండి, మిగిలిన ఫైళ్లని ఇంకో డిస్కులోకి కాపీ చేయండి. చివరి నిమిషాలు అక్కడే ఉంటాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లాగ్ ఫైలు బతికుంటే నో ట్రంకేట్‌తో టెయిల్ లాగ్ (ఇంకా బ్యాకప్ కాని చివరి లాగ్) బ్యాకప్ తీయొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ఆర్కైవ్‌కి ఇంకా వెళ్లని వాల్ ఫైళ్లు, మైఎస్‌క్యూఎల్‌లో చివరి బిన్‌లాగ్ తీసిపెట్టుకోండి.

డిస్కు బాగానే ఉండి ఎవరో పొరపాటున టేబుల్ చెరిపేస్తే, ఆ పొరపాటుకి ముందు నిమిషం దగ్గర ఆపాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో స్టాప్ యాట్, పోస్ట్‌గ్రెస్‌లో రికవరీ టార్గెట్ టైమ్‌తో పాటు 12 నుంచి రికవరీ సిగ్నల్ అనే ఖాళీ ఫైలు, మైఎస్‌క్యూఎల్‌లో స్టాప్ డేట్‌టైమ్, ఇంకా కచ్చితంగా కావాలంటే స్టాప్ పొజిషన్. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే మధ్యాహ్నం 3:10 అని రాసింది మన రాత్రి 8:40 అవుతుంది, పొరపాటు కూడా తిరిగి జరిగిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో సమయం పక్కన +05:30 తప్పక రాయండి. టేబుల్ ఒక్కటే కావాలంటే అసలు డేటాబేస్‌ని వెనక్కి తిప్పకండి. పక్కన ఇంకో వీఎంలో లేపి, ఆ టేబుల్ మాత్రం తీసుకొచ్చి కలపండి.

సిస్టమ్ లేచి కౌంటర్లు తెరిచే ముందు కొత్తగా ఒక ఫుల్ బ్యాకప్ తీయండి. పోస్ట్‌గ్రెస్‌లో టైమ్‌లైన్ (వాల్ ఫైళ్ల వరస) మారి ఉంటుంది, మైఎస్‌క్యూఎల్ బిన్‌లాగ్ కొత్త నంబర్లతో మొదలై ఉంటుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ గొలుసు కూడా కొత్తదే. పాత ఫుల్ బ్యాకప్ మీద ఈ కొత్త లాగ్‌లని ఆనించి వదిలేయకండి. ఆ తర్వాత ఆర్కైవ్, లాగ్ జాబులు కొత్త సర్వర్ నుంచే వెళుతున్నాయని చూసి, పాత వీఎంకి ఆటో స్టార్ట్ తీసేయండి. మళ్లీ కరెంటు పోయి వచ్చినప్పుడు రెండూ కలిసి లేవకూడదు.